కారు లేకుండా, అమ్మానాన్నలతో ఐర్లాండ్‌లో ఒక చిన్న ఊరు: వెస్ట్‌పోర్ట్ అయితే ఇలా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డబ్లిన్‌లో ఉద్యోగం, కారు లేదు, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. జులై ఆఖరి వారాంతంలో రెండు రాత్రులు ఏదైనా చిన్న ఊళ్ళో ఉండాలి, కాస్త నడవాలి, నాన్నగారికి శాకాహారం దొరకాలి. నా ఓటు మేయో కౌంటీలోని వెస్ట్‌పోర్ట్‌కి. అందమైన ఊళ్ళకు ఐర్లాండ్‌లో కొదవ లేదు గానీ, రైలు దిగి నడుస్తూ బసకు చేరగలిగి, వాన పడ్డా కాలక్షేపమై, రాత్రికి భోజనం దొరికేవి తక్కువ. తేదీలు మాత్రం మార్చుకోవాలి, అది చివర్లో చెబుతాను.

రైలు డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి. సిటీలో ఉంటే లువాస్ (ట్రామ్) రెడ్ లైన్ ఎక్కితే స్టేషన్ ముందే దింపుతుంది. ప్రయాణం మూడు గంటల పైచిలుకు. ఆత్లోన్, రాస్‌కామన్, కాసిల్‌బార్ మీదుగా వెళ్తుంది. సిటీ ప్రయాణాలకు వాడే లీప్ కార్డులో డబ్బులున్నాయి కదా అని ట్యాప్ చేసి ఎక్కేయకండి, అంత దూరానికి అది చెల్లదు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొంటే చవక, సీటు కూడా ఖాయం. మనుల్లా జంక్షన్ అనే చోట కొందరు సామాను సర్దుకుని దిగుతారు. వాళ్ళు బాలినా వైపు వెళ్ళేవాళ్ళు, మీరు కదలకండి. ఆ స్టేషన్ రైలు మారడానికే, బయటికి దారి కూడా ఉండదు.

వెస్ట్‌పోర్ట్ స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న ఆక్టగాన్ అనే ఎనిమిది మూలల కూడలికి నడక పదిహేను నిమిషాల లోపే. బస ఆక్టగాన్‌కి, బ్రిడ్జ్ స్ట్రీట్‌కి, మాల్‌కి మధ్యలో చూసుకోండి. మాల్ అంటే షాపింగ్ మాల్ అనుకునేరు! కారోబెగ్ అనే చిన్న నదికి రెండు వైపులా రాతి గోడలు, చెట్లు ఉన్న వీధి అది. 18వ శతాబ్దంలో ప్లాను గీసి కట్టిన ఊరు కాబట్టి వీధులు తిన్నగా ఉంటాయి, పెద్దవాళ్ళకు దారి తప్పే భయం లేదు. బ్రిడ్జ్ స్ట్రీట్‌లో గది తీసుకుంటే మాత్రం వెనక వైపుది అడగండి. మ్యాట్ మొలాయ్స్ ఆ వీధిలోనే ఉంది. చీఫ్టెన్స్ అనే ఐరిష్ సంగీత బృందంలో ఫ్లూట్ వాయించిన మ్యాట్ మొలాయ్ పబ్ అది. రాత్రిపూట పాటలు వినడానికి బాగుంటుంది, నిద్రకు కాదు.

ఇక తిండి. ఈ దేశంలో చిన్న ఊళ్ళలో మన రోజును నడిపేది వంటింటి టైమే. మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర, మహా అయితే మూడు. ఆ తర్వాత ఐదు దాకా చాలా వంటిళ్ళు మూసేస్తారు. మళ్ళీ ఐదుకో ఐదున్నరకో తెరిచి ఎనిమిదిన్నర, తొమ్మిదికి చివరి ఆర్డరు. పబ్ తెరిచే ఉంటుంది, లోపల జనం కిటకిటలాడుతుంటారు, తినడానికి చిప్స్ ప్యాకెట్టు తప్ప దొరకదు. జులైలో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి టైము తెలియదు, జనం దెబ్బతినేది అక్కడే. ఐదున్నరకే కూర్చుంటే ఎర్లీ బర్డ్ మెనూ ఉన్నచోట రెండు మూడు వంటకాలు తక్కువ ధరకు వస్తాయి, టేబులూ దొరుకుతుంది. మూడింటికి ఆకలేస్తే హోటల్ బార్‌కి వెళ్ళండి. గదులిచ్చే హోటళ్ళలో చాలావాటి బార్లలో పన్నెండు నుంచి రాత్రి దాకా ఆగకుండా తిండి ఉంటుంది, అక్కడ దిగకపోయినా పెడతారు.

శాకాహారం దగ్గర జాగ్రత్త. 'వెజిటబుల్ సూప్' అని రాసి ఉన్నా చాలాసార్లు చికెన్ స్టాక్‌తో (కోడి ఎముకలు ఉడికించిన నీళ్ళతో) చేస్తారు. అందుకే 'ఇందులో మాంసం ఉందా' అని అడిగితే చాలదు, 'స్టాక్ దేనితో చేశారు' అని అడగాలి. కొన్ని చోట్ల చిప్స్ (ఇక్కడ ఫ్రెంచ్ ఫ్రైస్‌ని అలాగే అంటారు) వేయించేది గొడ్డు కొవ్వులో, అదీ అడగండి. బ్రేక్‌ఫాస్ట్‌లో బ్లాక్ పుడింగ్ అంటే పంది రక్తంతో చేసింది; వైట్ పుడింగ్‌లో రక్తం ఉండదు గానీ పంది మాంసం ఉంటుంది. పుట్టగొడుగులు, టమాటా కూడా అదే పెనం మీద వేయించేస్తారు కాబట్టి బీ అండ్ బీ (గదితో పాటు బ్రేక్‌ఫాస్ట్ పెట్టే బస) వాళ్ళకు ముందు రాత్రే చెప్పి ఉంచాలి. చెబితే విడిగా చేస్తారు. నిశ్చింతగా తినదగింది బ్రౌన్ సోడా బ్రెడ్: ముతక గోధుమ పిండి, మజ్జిగ, వంట సోడా. మామూలుగా గుడ్డు ఉండదు, కొందరు వేస్తారు. వెన్న దట్టంగా రాసుకోవాలి. పబ్బుల్లో 'వెజిటబుల్ కర్రీ' దొరికితే తియ్యగా, పసుపుపచ్చగా ఉండే సాస్ వస్తుంది, దాంతో సగం అన్నం, సగం చిప్స్. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి! చేపలు తినేవాళ్ళకు సీఫుడ్ చౌడర్ అనే చిక్కటి చేపల సూప్ ఉండనే ఉంది. ఒక కారప్పొడి డబ్బా సంచిలో వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

మొదటి రోజు నడక కీ దాకా పెట్టుకోండి. కీ అంటే పాత ఓడరేవు, ఆక్టగాన్ నుంచి రెండు కిలోమీటర్ల చిల్లర. పాత రైలు కట్టనే నడక దారిగా మార్చారు, ఎత్తుపల్లాల్లేవు. పన్నెండుకి బయల్దేరితే సరిగ్గా భోజనం వేళకు చేరతారు. టవర్స్ బార్ లాంటివి నీటి ఒడ్డునే ఉన్నాయి. తిరుగు దారిలో వెస్ట్‌పోర్ట్ హౌస్ అనే పాత భవంతి తోట వైపు వెళ్ళొచ్చు.

గ్రీన్‌వే ఈ ఊరి అసలు బలం. 1937లో మూతపడ్డ అకిల్ రైలు మార్గం మీద వేసిన నడక, సైకిల్ దారి, మొత్తం 42 కిలోమీటర్ల పైనే. వెస్ట్‌పోర్ట్ నుంచి న్యూపోర్ట్ సుమారు 12, అక్కడి నుంచి మల్‌రానీ 18, మల్‌రానీ నుంచి అకిల్ 13. కొత్తవాళ్ళు వెస్ట్‌పోర్ట్‌లో సైకిల్ తీసుకుని పడమరకు తొక్కడం మొదలుపెడతారు. గాలి ఎక్కువగా పడమర నుంచే వీస్తుంది, సముద్రపు గాలి, ముఖానికి ఎదురు. న్యూపోర్ట్ దాటేసరికి కాళ్ళు పట్టేస్తాయి. సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళే వ్యాన్‌లో అకిల్‌లోనో మల్‌రానీలోనో దింపుతారు. అలా దిగి గాలిని వీపుకి పెట్టుకుని వెనక్కి రండి. మల్‌రానీ, న్యూపోర్ట్ మధ్య ఒకటీ అరా పబ్ తప్ప తిండి లేదు, నీళ్ళు నింపుకోవాలి. న్యూపోర్ట్‌లో ఎర్ర ఇసుకరాతితో కట్టిన ఏడు కమానుల పాత రైలు వంతెన మీదుగా నడవొచ్చు.

అమ్మానాన్నలకు సైకిల్ వద్దనుకుంటే మల్‌రానీకి బస్సులో వెళ్ళండి. అక్కడి పెద్ద హోటల్ 1897లో రైల్వే వాళ్ళు పెట్టింది. దాని కింద నుంచి ఉప్పు చిత్తడి నేల మీదుగా పాత కాలిబాట సముద్రపు ఒడ్డు దాకా పోతుంది. బస్సులు రోజుకు కొన్నే, కాబట్టి ముందు తిరుగు బస్సు టైము టీఎఫ్ఐ లైవ్ అనే ప్రజా రవాణా యాప్‌లో చూసుకుని, తర్వాతే వెళ్ళే బస్సు ఎంచుకోండి.

క్రోక్ పాట్రిక్ కొండ (764 మీటర్లు) అమ్మానాన్నలు లేకుండా మీరు ఎక్కడం మంచిది. కొండ కింది ఊరు మరిస్క్ నుంచి రానూపోనూ ఏడు కిలోమీటర్లు, మూడున్నర నాలుగు గంటలు. సగం పైన కాస్త చదునైన భుజం వస్తుంది. ఆ తర్వాత శంకువులా ఉండే శిఖరం, అంటే కోన్ అంతా నిటారు రాళ్ళ దారి. కింద అద్దెకో అమ్మకానికో దొరికే కర్ర ఎక్కడానికన్నా దిగడానికి ఎక్కువ పనికొస్తుంది, మడమలు బెణికేది దిగేటప్పుడే. జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి ఆరదు. పులిహోర కూడా వద్దు, ఆ చలిలో మెతుకులు బిరుసెక్కుతాయి. చపాతీ చుట్టలు నయం. మబ్బు కోన్‌ను మింగేసి ఉంటే భుజం దగ్గరే ఆగి వెనక్కి రండి, అక్కడి నుంచి కూడా క్లూ బే అనే అఖాతంలోని దీవులు కనిపిస్తాయి. ఏదైనా జరిగితే 112కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ అడగాలి.

మీరు పైకెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకు కింద మరిస్క్‌లోనే పని ఉంది: పాడుబడిన 15వ శతాబ్దపు మఠం, దాని దగ్గరే కరువు స్మారకం. 1997లో పెట్టిన కంచు ఓడ అది. తెరచాప తాళ్ళుండాల్సిన చోట అస్థిపంజరాలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతుంటాయి. 1840ల బంగాళాదుంప కరువులో వలస పోతూ ఓడల్లోనే చనిపోయినవాళ్ళ గుర్తుగా చెక్కింది. చేల గట్లు దాటి లోపలికి మాత్రం వెళ్ళొద్దు. ఐర్లాండ్‌లో ఎవరి పొలంలోనైనా నడిచే హక్కు అంటూ లేదు, దారులు చాలావరకు రైతుల అనుమతి మీద నడిచేవే. తెరిచిన గేటు మళ్ళీ వేసేయాలి.

ఇప్పుడు తేదీల సంగతి. జులై ఆఖరి ఆదివారం రీక్ సండే. క్రోక్ పాట్రిక్‌కి వేలమంది యాత్రికులు వస్తారు, కొందరు చెప్పుల్లేకుండా ఎక్కుతారు. ఆ రెండు రోజులూ గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. ఒక వారం ఆలస్యంగా వెళ్దామంటే ఆగస్టు మొదటి సోమవారం బ్యాంక్ హాలిడే, అప్పుడు రైళ్ళు నిండిపోతాయి. జులై రెండో వారంలో బుధవారం వెళ్ళి శుక్రవారం తిరిగి రండి. సోమ, మంగళవారాల్లో చాలా రెస్టారెంట్లకు సెలవు, కాబట్టి వారం మధ్యలో అంటే బుధ, గురు రాత్రులే లెక్క.