డాక్టర్ సలహా: అలసట, బరువు సరే... పది రోజుల బ్లీడింగ్ మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 46. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఏడాదిన్నరలో 62 కిలోల నుంచి 71 కిలోలకు వచ్చాను. తిండి ఏమీ పెరగలేదు. పొద్దున లేచేసరికే నీరసం. స్కూల్లో రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం వస్తోంది. రెండేళ్ల కిందట టెస్ట్ చేయిస్తే థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ 6.2 ఉంది, బోర్డర్‌లో ఉందన్నారు. మా వదిన వాడే 100 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర నాలుగు నెలలుగా నేనూ షాపులో తెచ్చుకుని వేసుకుంటున్నాను. బరువు తగ్గలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒక్కోసారి గుండె దడగా ఉంటోంది. నెలసరి రెండు నెలలకోసారి వచ్చి పది రోజులు ఉంటోంది, గడ్డలు కూడా పడుతున్నాయి. వయసు కదా అని ఊరుకున్నాను. మాత్ర 125 చేసుకోవచ్చా? బరువు తగ్గడానికి మంచి డైట్ చార్ట్ ఇవ్వగలరా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: 125 చేసుకోవద్దమ్మా. ఆ 100 కూడా మీకు ఎవరూ పరీక్ష చేసి రాసిచ్చింది కాదు కాబట్టి, డాక్టర్‌ని కలిసేదాకా ఆపేయడమే మంచిది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. రెండు మూడు రోజులు ఆపినందువల్ల ప్రమాదం ఏమీ ఉండదు, టెస్ట్ రిపోర్టూ తారుమారు కాదు. అయితే డాక్టర్ రాసిచ్చిన థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారు ఎవరైనా ఇది చదివి మానేయకండి. ఈ మాట ఈ ఒక్కరికే.

ఇక డైట్ చార్ట్ సంగతి చివర్లో చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది బరువు కాదు. పది రోజుల బ్లీడింగ్, గడ్డలు, రెండో అంతస్తుకే ఆయాసం, గుండె దడ. ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపిస్తే మొదట అనుమానించేది రక్తహీనత. మిమ్మల్ని చూడకుండా, కళ్ల కింద రెప్ప తిప్పి చూడకుండా ఇదే జబ్బు అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ సీబీపీ అనే మామూలు రక్తపరీక్షతో ఒక్క రోజులో తేలిపోయే విషయం ఇది. ఆడవారిలో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే, 8 కంటే తగ్గితే తీవ్రమైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలనెలా కొద్దికొద్దిగా పోయే రక్తానికి శరీరం అలవాటు పడిపోతుంది. అందుకే హిమోగ్లోబిన్ 7కి పడిపోయినా కొందరు ఇంటి పని, బడి పని చేసుకుంటూనే ఉంటారు. "కాస్త నీరసం" అని మాత్రమే అంటారు.

ఇప్పుడు మీ మాత్ర సంగతి చూడండి. రక్తం తక్కువగా ఉంటే ఉన్న కొద్దిపాటి రక్తాన్నే ఎక్కువసార్లు తిప్పడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. థైరాయిడ్ హార్మోన్ అవసరానికి మించి ఒంట్లోకి వెళ్తే అదీ గుండె వేగాన్ని పెంచుతుంది. నిద్ర పట్టకపోవడం, దడ, చేతుల వణుకు, చెమటలు... ఇవన్నీ డోసు ఎక్కువైనప్పటి లక్షణాలు. మీకు వస్తున్న దడ రక్తహీనత వల్లో, మాత్ర వల్లో, రెండూ కలిసో ఇక్కడ కూర్చుని తేల్చలేను. రెండూ కలిసి ఉంటే మాత్రం 46 ఏళ్ల గుండె మీద అది చిన్న భారం కాదు. ఎక్కువ డోసు చాలాకాలం వాడితే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే ముప్పు ఉంది, దాని వెనకే పక్షవాతం ముప్పు ఉంటుంది. ముట్లు ఆగే వయసులో ఎముకలు ఎలాగూ పలుచబడుతుంటాయి, ఈ మాత్ర ఎక్కువైతే అవి మరింత త్వరగా గుల్లబారతాయి.

టీఎస్‌హెచ్ 6.2 అన్నారు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే పెరిగే సంఖ్య ఇది. ఆ సంఖ్య ఒక్కటే చూసి జీవితాంతం మాత్ర వేసుకోవాలని ఎవరూ నిర్ణయించరు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి, ఈసారి దానితో పాటు ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్ కూడా చూడాలి. చాలామందికి రెండోసారి అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. టీఎస్‌హెచ్ 10 దాటినా, ఫ్రీ టీ4 తగ్గినా, థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా అప్పుడు లెక్క వేరు. మీ వదినగారికి 100 సరిపోవచ్చు. ఆమె బరువు, వయసు, జబ్బు, గుండె పరిస్థితి వేరు. డోసు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించి సరిచూసుకుంటూ వెళ్లాల్సిన మందును, సీసా మీద పేరు చూపించి షాపులో కొనుక్కోవడం మా దగ్గర రోజూ కనిపిస్తోంది. అడిగితే "థైరాయిడ్ మాత్రేగా సార్, విటమిన్ లాంటిదే కదా" అంటారు. విటమిన్ కాదమ్మా, అది హార్మోన్. బరువు తగ్గడానికి వాడే మందు అసలే కాదు. థైరాయిడ్ మామూలుగా ఉన్నవారికి మామూలు డోసుతో బరువు తగ్గదు, తగ్గేంత డోసు వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో మాట. నిజంగా థైరాయిడ్ తక్కువగా ఉన్నా, దానివల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. తొమ్మిది కిలోలకూ థైరాయిడ్‌నే బాధ్యురాలిని చేస్తే మిగతా కారణాలు వెతకడం ఆగిపోతుంది. మీ విషయంలో జరిగింది అదేననిపిస్తోంది.

బ్లీడింగ్ దగ్గరకు వద్దాం. మన దేశంలో ఆడవారికి సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఆగుతున్నాయి. దానికి ముందు కొన్నేళ్లు నెలసరి క్రమం తప్పడం మామూలే. ఆలస్యంగా రావడం, కొద్దిగా కనిపించి ఆగిపోవడం వరకు వయసు అనుకోవచ్చు. ఏడు రోజులు దాటి పోవడం, గడ్డలు పడటం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోవడం "వయసు" కిందికి రావు. ఈ వయసులో చాలా నెలలు అండం విడుదల కాదు. అప్పుడు గర్భసంచి లోపలి పొర ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ప్రభావంతో మందంగా పెరిగిపోతుంది. కొవ్వు కణాలు కూడా ఈస్ట్రోజన్ తయారు చేస్తాయి కాబట్టి పెరిగిన బరువు ఆ పొరను ఇంకా పెంచుతుంది. కొందరిలో ఆ మందమైన పొరే ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. మీకు అది ఉందని అనడం లేదు. ఎక్కువమందిలో హార్మోన్ల తేడానో, గర్భసంచిలో వచ్చే, క్యాన్సర్ కాని ఫైబ్రాయిడ్ గడ్డలో కారణమవుతాయి. థైరాయిడ్ నిజంగా తక్కువున్నా బ్లీడింగ్ ఎక్కువవుతుంది. కానీ 45 దాటిన మనిషికి ఇలా అవుతుంటే, లోపలి పొరను స్కాన్‌లో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి (బయాప్సీ) పరీక్షించకుండా "ఏమీ కాదు" అని ఏ గైనకాలజిస్టూ అనరు. ఆ ముక్క తీయడం చాలాసార్లు ఓపీలోనే అయిపోతుంది, మత్తు కూడా అవసరం ఉండదు.

మీరు ఎందుకు వెళ్లలేదో ఊహించగలను. "వెళ్తే గర్భసంచి తీసేస్తారు" అన్న భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి, ముప్పైల్లోనే చేయించుకున్నవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. అవసరం లేని ఆపరేషన్లు జరగడం తప్పే, దాని గురించి ఎంత గట్టిగా మాట్లాడినా తక్కువే. అయితే ఆ భయంతో అసలు చూపించుకోకపోవడం వల్ల నష్టపోయేది మీరే. ఆపరేషన్ మొదటి మెట్టు కాదు. ప్రొజెస్టిరాన్ హార్మోన్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది, చాలామందికి వీటితోనే బ్లీడింగ్ అదుపులోకి వస్తుంది. ఎవరైనా మొదటిరోజే ఆపరేషన్ అంటే, "బయాప్సీ రిపోర్టు ఏం చెబుతోంది, మందులతో ప్రయత్నించామా" అని అడగండి. కావాలంటే ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి. అడగడం మీ హక్కు. బ్లీడింగ్ ఆపే మాత్రలని షాపులో ఇచ్చేవి కూడా కొనుక్కోవద్దు. కొందరిలో అవి రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తాయి.

కాబట్టి ఈ వారంలోనే వెళ్లండి. సెలవులు వచ్చాక కాదు, పరీక్షల పేపర్లు దిద్దడం అయ్యాక కాదు. సీబీపీ, ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), విటమిన్ బీ12, కిడ్నీ, లివర్ పరీక్షలు, బీపీ, ఒక ఈసీజీ, పొత్తికడుపు స్కాన్. వీటిలో ఏవి అవసరమో చూసిన డాక్టరే నిర్ణయిస్తారు. సీబీపీ, షుగర్, ఈసీజీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చేస్తారు. స్కాన్‌కి ముందు యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా చేయిస్తారు, 46 ఏళ్లకు ఇదేమిటని సిగ్గుపడకండి. నెలసరి తప్పుతున్న వయసులో గర్భం వచ్చి నాలుగైదు నెలల దాకా తెలియనివారు ఉన్నారు. ఎలాగూ గైనకాలజిస్టు దగ్గరకు వెళ్తున్నారు కాబట్టి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ స్మియర్ పరీక్ష చేయించుకోకపోయి ఉంటే అదీ అడగండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే టెస్ట్‌కు రెండు రోజుల ముందే ఆపండి, అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపిస్తాయి.

డాక్టర్ దగ్గర ఏదీ దాచవద్దు. వదిన మాత్ర సంగతి కచ్చితంగా చెప్పండి. మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో పేరు లేని పొడులు, పొట్లంలో కట్టిచ్చే మాత్రలు వాడుతుంటే అవి కూడా పట్టుకెళ్లండి. మీరు రాయలేదు, కానీ హఠాత్తుగా బరువు పెరిగినవారందరినీ నేను అడిగే ప్రశ్న ఇది. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలుపుతుంటారు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడటం, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, పొట్ట మీద ఊదారంగు చారలు కనిపిస్తే దాన్ని అనుమానించాలి. అలా వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, అది ప్రమాదం. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. మీ గురక గురించి ఇంట్లోవారు ఏమంటున్నారో కూడా చెప్పండి. గురక పెట్టే మనిషికి రాత్రంతా పడుకున్నా పొద్దున నీరసం పోదు, అది నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా కావచ్చు. ఒళ్లంతా కాక కేవలం పొట్ట ఒక్కటే పెరుగుతూ, రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటే అదీ చెప్పండి. అండాశయాల్లో గడ్డ లేదని స్కాన్‌లో చూసుకోవాలి. దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది కూడా జబ్బే, మొహమాటపడకండి.

రక్తహీనత తేలితే ఐరన్ మాత్రలు ఇస్తారు, మరీ తక్కువుంటే సెలైన్‌లో ఎక్కిస్తారు. దానిమ్మ, బీట్‌రూట్ జ్యూస్ తాగితే రక్తం పడుతుందని ఆ మాత్రలు పక్కన పెట్టేవారు చాలామంది. తినండి, కానీ పోయిన రక్తాన్ని అవి తిరిగి ఇవ్వలేవు. మాత్ర వేసుకున్న గంట అటూ ఇటూ టీ, కాఫీ తాగకండి. మలం నల్లగా వస్తే భయపడకండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడితేనే నిల్వలు నిండుతాయి. మీకు నిజంగా థైరాయిడ్ మాత్ర కూడా రాస్తే, అది పరగడుపున, ఐరన్, కాల్షియం మాత్రలు దానికి కనీసం నాలుగు గంటల తర్వాత.

డైట్ చార్ట్ ఇప్పుడే ఇవ్వను. రక్తం తక్కువున్న మనిషి అన్నం, రొట్టె దాదాపు మానేసే కీటో డైట్ మొదలుపెట్టడం, ఒంటిపూట తినడం, పొద్దున్నే గంట వాకింగ్ చేయడం ఆమెను ఇంకా పడేస్తాయి. రిపోర్టులు వచ్చేదాకా అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పు, కూర పెంచండి. గుడ్డు తినేవారైతే రోజుకొకటి తినండి. స్కూల్లో స్టాఫ్‌రూమ్ టీ, బిస్కెట్లు మానండి. నడుము కొలత రాసిపెట్టుకోండి, మన ఆడవారికి అది 80 సెంటీమీటర్లు దాటకూడదు. నలభైల్లో కండ తగ్గి కొవ్వు నడుము చుట్టూ చేరడం సహజమే, తగ్గించుకోవచ్చు. కానీ అది ఈ వారం పని కాదు.

గంటకో ప్యాడ్ తడుస్తూ రెండు గంటలు దాటినా, నిలబడితే కళ్లు తిరిగి పడిపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, గుండె దడ ఆగకుండా కొట్టుకుంటున్నా, ఛాతీలోగానీ దవడ, వెన్ను, ఎడమ చేతిలోగానీ నొప్పితో చెమటలు పట్టినా ఓపీ టైమ్ కోసం చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.