బెండ మొదళ్లలో ఫోరేటా? ముందు కోత ఆపండి.. చీమలకు ఎర పెట్టండి

ప్రశ్న: ఇంటి ముందు రెండు సెంట్ల పచ్చిక, పక్కన బెండ, వంగ మడులు ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి ఎర్ర చీమలు పుట్టలు పెట్టి గడ్డి వేర్లు కొరికేస్తున్నాయి. బెండ ఆకుల రసం పీల్చడంతో ఆకులు ముడుచుకుపోతున్నాయి. కాలు పెడితే ఒకటే మంట. దుకాణంలో ఇచ్చిన ఫోరేట్ గుళికలు పుట్టల మీద, బెండ మొదళ్లలో వేశాం. క్లోరిపైరిఫాస్ లీటరుకు 10 మి.లీ. కలిపి రెండుసార్లు పోశాం. వారం తిరగకుండా పక్కనే కొత్త పుట్టలు లేస్తున్నాయి.
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: చీమల సంగతి తర్వాత. ఆ బెండకాయలు ఒక్కటి కూడా తినకండి. ఫోరేట్ వేర్ల ద్వారా మొక్కంతా పాకే అతి విషపూరితమైన మందు. 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో దీన్ని నిషేధించారు. గుళికలు పడిన మొక్కలను పీకి గుంతలో పూడ్చండి, పశువులకు వేయొద్దు. ఈ కాలంలో ఆ మడిలో ఆకుకూరలు పెట్టొద్దు. కోళ్లుంటే అటు వదలొద్దు, గుళికలను గింజలనుకుని ఏరుకు తింటాయి. మిగిలిన పొట్లాన్ని కాలువలో పారేయకుండా మూతి కట్టి తాళం వేసిన చోట ఉంచి, వ్యవసాయాధికారికి చూపించండి. నిషేధించిన మందు అమ్మిన వ్యక్తి పంట డాక్టరు కాదు, ఇంకోసారి అతని సలహా అడగొద్దు.

ఇక మీ నిర్ధారణ. ఆకు రసం పీల్చేది చీమ కాదు, పేనుబంక. ఆకు తిప్పి చూడండి, అడుగున గుంపులుగా ఉంటుంది. అది విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, పేనుబంకను తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. గడ్డిలో ఎండిన మచ్చలకు చాలావరకు కారణం మీరు పోసిన 10 మి.లీ. గాఢతేనని నా అనుమానం. పైనుంచి మందు పోస్తే పైనున్న కూలి చీమలే చస్తాయి. అడుగునున్న రాణులు మిగిలిన వాటితో పక్కకు జరిగి కొత్త పుట్ట పెడతాయి.

రాణికి విషం చేరాలంటే చీమలే మోసుకెళ్లాలి. 100 మి.లీ. గోరువెచ్చని నీటిలో 10 గ్రా. పంచదార, 1 గ్రా. బోరిక్ పౌడర్ (పావు టీస్పూను) కరిగించండి. బోరిక్ అంతకు మించితే చీమలు దారిలోనే చచ్చిపోతాయి, ఎర గూటికి చేరదు. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. దూది ముంచి సీసా మూతల్లో పెట్టి, పుట్టకు అడుగు దూరంలో కుండ పెంకు కింద ఉంచండి. పిల్లలకు, కుక్కలకు అందకూడదు. సాయంత్రం 5 తర్వాత, వాన సూచన లేని రోజున పెట్టండి. రెండు మూడు రోజులకోసారి మారుస్తూ మూడు వారాలు కొనసాగించండి. ఈలోగా పుట్టను కెలకొద్దు, దగ్గర్లో చీమల చాక్‌పీసు గీయొద్దు, ఏ మందూ కొట్టొద్దు. వాసన తగిలితే ఎర జోలికే రావు.

తీపికి రాకపోతే? ముందురోజే చిటికెడు పంచదార, వేరుశనగ ముద్ద పక్కపక్కన పెట్టి అరగంట గమనించండి. నూనె ఉన్న వేరుశనగ ముద్ద వైపు వెళ్తే 100 గ్రా. వేరుశనగ ముద్దలో అదే 1 గ్రా. బోరిక్ కలపండి.

మూడు వారాల తర్వాత కూడా మిగిలిన పుట్టల మీద చల్లటి ఉదయం, ఎండ పడుతుండగా 10–12 లీటర్ల మరిగే నీరు పోయండి. ఆ వేళకు కూలి చీమలు పిల్లల్ని వెచ్చదనం కోసం పైకి తెస్తాయి. అంచు నుంచి మధ్యకు నిదానంగా పోయాలి. ఆ చోట గడ్డి మాడుతుంది. మొక్కల మొదళ్ల దగ్గర మాత్రం వద్దు. కొన్ని పుట్టలు మళ్లీ లేస్తాయి, అయిదు రోజులకు ఇంకోసారి పోయాల్సిందే.

వంగకు, మిగిలిన బెండకు వేపనూనె (1500 పి.పి.ఎం.) లీటరుకు 5 మి.లీ., కొద్దిగా సబ్బు నీరు కలిపి ఆకుల అడుగు తడిసేలా సాయంత్రం పిచికారీ చేయండి. వారానికి మరోసారి.

మామిడి చెట్టు మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమలు వేరే జాతి. అవి పురుగుల్ని తింటాయి, వాటి జోలికి వెళ్లకండి.

కుట్టిన చోట చన్నీళ్లతో కడగండి, గోకొద్దు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.