ఆ స్కాన్ల ఫైలు పారేయకు

అమ్మాయ్,

మొన్న వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగావు చూడు, "దత్తత కోసం ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు బీరువా కూడా తెరుస్తారా మేడమ్, ఆ స్కాన్ల ఫైలు పుష్కరఘాట్‌కి తీసుకెళ్ళి గోదాట్లో వదిలేసి రమ్మంటోంది మా అత్తయ్య" అని. బయట ఇంకో జంట ఎదురుచూస్తున్నారు కదా, నేను ఊరికే తలూపి పంపించేశాను. తలూపకుండా ఉండాల్సింది. రాత్రంతా అదే గుర్తొచ్చి, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను.

వదిలేయకు. బీరువాలు ఎవరూ తెరవరు, ఆ భయమూ పెట్టుకోకు.

ఈ దత్తతల పనిలోకి రాకముందు సంగతి ఒకటి చెప్తాను, నీకెప్పుడూ చెప్పలేదు. 1984లో నా మొదటి కాన్పు. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల అని ఆయా చెబితే తెలిసింది, నాకు చూపించలేదు. మా మామగారూ ఆయనా తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు, ఎక్కడో ఇప్పటికీ తెలీదు, అడిగినప్పుడల్లా "ఎందుకమ్మా ఇప్పుడవన్నీ" అనేవారు. మూడో రోజుకి పాలు పడ్డాయి. ఆరిపోతాయని మా అమ్మ మల్లెపూలు గుండెలకి చుట్టి కట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను మల్లెపూలు పెట్టుకోలేదు. పెద్దవాళ్ళు పోతే మనకి పదకొండు రోజులుంటాయి, వచ్చేవాళ్ళు వస్తారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు. నా పిల్లకి ఒక్క పూట కూడా లేదు. వచ్చినవాళ్ళంతా "మళ్ళీ కడుపు పండుతుందిలే" అనేసి వెళ్ళిపోయారు, అక్కణ్ణుంచి ఎవరింట్లో శ్రీమంతమైనా నన్ను పిలవడం మానేశారు.

నీకు మూడుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు అందరూ నీతో ఒకటే అంటున్నారు, ఒక బిడ్డని తెచ్చుకుంటే ఇదంతా మర్చిపోతావని. అది మాత్రం నమ్మకు. పుట్టని పిల్ల అన్నం దగ్గర మారాం చెయ్యదు, గోడల మీద గీతలు గీయదు, లెక్కల్లో ఫెయిలవదు. ఇంట్లో తిరిగే పిల్ల ఆ పిల్లతో పోటీ పడితే రోజూ ఓడిపోతుంది పాపం. పోయినవాళ్ళకి ఇంట్లో ఒక చోటు ఉంటేనే, కొత్తగా వచ్చేవాళ్ళు వేరే చోట కూర్చోగలరు. అందుకే ఆ ఫైలు ఉంచమంటున్నది. మొదటి పేజీలో మూడు తేదీలూ నీ చేత్తో రాసుకో. పేర్లు పెట్టుకుని ఉంటే అవి కూడా.

ఇంటికొచ్చే సోషల్ వర్కర్ చూసేది మీరిద్దరూ ఒక్క మాట మీద ఉన్నారా, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటున్నారు, సంపాదన, ఆరోగ్యం, అసలు దత్తత ఎందుకనుకున్నారు, ఇవి. అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు. కన్నీళ్ళొస్తే రానీ, అందుకని ఎవరూ మిమ్మల్ని పనికిరారని రాయరు. అన్నీ బాగానే ఉన్నాయండీ అని నవ్వుతూ చెప్పేవాళ్ళ విషయంలోనే మాకు అనుమానం ఎక్కువ.

దత్తతకి పేరు నమోదు చేసుకునే ముందు కాస్త తేరుకునే దాకా ఆగమన్నాను కదా, అలాగని ఏళ్ళ తరబడి కాదు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసేటప్పుడు వయసు లెక్క ఉంటుంది. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 దాటకూడదు. నీకు 38, మీ ఆయనకి 43, మొత్తం 81. ఒక్క ఏడాది గడిస్తే ఈ లెక్క రెండు పెరుగుతుంది, అది ఎవరికీ తట్టదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకైతే 90 దాకా, నాలుగు నుంచి ఎనిమిదికి 100 దాకా ఒప్పుకుంటారు. చంటిబిడ్డే కావాలంటే ఎదురుచూపు ఏళ్ళలోనే ఉంటుంది, ముందే మనసులో పెట్టుకో. కొంచెం పెద్ద పిల్లల గురించి ఇద్దరూ ఒకసారి ఆలోచించండి, నేను బలవంతం చెయ్యను. ఆ పిల్లలు వచ్చిన కొత్తలో అన్నం ముద్ద తలగడ కింద దాచుకుంటారు, నిద్రలో ఉలిక్కిపడతారు, "నువ్వు మా అమ్మవి కాదు" అని మొహం మీదే అంటారు. ఆ మాటకి నువ్వు తట్టుకుని నిలబడగలవా లేదా, అది నీకే తెలియాలి.

మీ ఆడపడుచు ఏదో నర్సింగ్ హోమ్ సంగతి చెప్పిందన్నావు, డబ్బులు కడితే వారంలో బిడ్డ అని. ఆ గుమ్మం తొక్కొద్దు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. అది అలా ఉంచు. బిడ్డని అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇచ్చింది. దొంగతనంగా బిడ్డని తెచ్చుకుంటే ఆ 60 రోజులూ ఆమె నుంచి లాక్కున్నట్టే, ఖాళీ చేతులతో ఇంటికి రావడమంటే ఏంటో నీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నమోదు చేసుకున్నాక ఎప్పుడో ఒకరోజు కారా నుంచి మెసేజ్ వస్తుంది. బిడ్డ ఫోటో, ఆరోగ్యం రిపోర్టు ఉంటాయి, ఒప్పుకుని రిజర్వు చేసుకోవడానికి 48 గంటలే టైం. అప్పుడు పెళ్ళిచూపుల్లా రంగు, ముక్కు, జాతకం మొదలెట్టకండి. మీ అత్తగారికి ఆ ఫోటో మొదటి రోజు చూపించకు, రెండో రోజు చూపించు (ఇది ఏ రూల్లోనూ లేదు, నా అనుభవం). పిల్లల డాక్టరుకి మాత్రం ఆ రిపోర్టు చూపించి, మీకున్న అనుమానాలన్నీ సిగ్గుపడకుండా అడగండి.

బిడ్డ ఒళ్ళోకి రాగానే ప్రేమ పొంగుకొస్తుందనీ అనుకోకు. చాలామందికి రాదు. పని మనిషిలా పాలు కలుపుతున్నాను, ఏమీ అనిపించట్లేదు అని నా దగ్గర ఏడ్చిన తల్లులున్నారు. నెలలు పడుతుంది. అప్పటికీ అలాగే ఉంటే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

దత్తత అన్న సంగతి బిడ్డకి చంటితనం నుంచే చెప్తూ ఉండు, నీళ్ళు పోసేటప్పుడో, జోకొట్టేటప్పుడో, కథలాగా. అర్థం కాకపోయినా ఆ మాట నీ నోటికి అలవాటవుతుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడికి పదిహేనేళ్ళప్పుడు పొలం పంపకాల గొడవలో బాబాయి నోటి నుంచి తెలిసింది. వాడికి దత్తత గురించి బాధ లేదు, ఊరంతటికీ తెలిసి తనకొక్కడికే తెలియదని కోపం. ఆ కోపం ఇంకా పోలేదు.

ఇంకొక్కటి, ఇదే ముందు రాయాల్సింది. మూడుసార్లూ ఆసుపత్రిలో ఆటో పిలిచింది, బిల్లు కట్టింది, మీ అమ్మగారికి ఫోన్ చేసి చెప్పింది మీ ఆయనే. ఆయన్ని ఎలా ఉన్నావని ఎవరైనా అడిగారా? మొన్న నా దగ్గర కూర్చున్న గంటా ఐవీఎఫ్‌కి ఎంతయిందో లెక్కలు చెప్పారు, రూపాయలతో సహా, రెండోసారి ఇంజెక్షన్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసింది, నీళ్ళు అడిగారు. నువ్వు అప్పుడు ఫోన్ చూసుకుంటున్నావు.

శనివారం సాయంత్రం నాకు ఖాళీ. ఆయన్ని ఒక్కరినే పంపించు. ఏం మాట్లాడాలని అడిగితే, ఏమీ లేదు, ఆ లెక్కలే మళ్ళీ చెప్పమన్నానని చెప్పు.