కళ్ళజోడు డబ్బాతో ఫోన్ మాట్లాడుతున్నాడు కదా!

ప్రశ్న: మాది రాయగడ. మా బాబుకి 20 నెలలు. పార్వతీపురంలో పుట్టింట్లో ఉండగా 8 వారాలు ముందే పుట్టేశాడు, కొన్నాళ్ళు బాక్సులో ఉంచారు. ఫోన్‌లో పిల్లల ఎదుగుదల యాప్ ఒకటి పెట్టుకుని, రోజూ సాయంత్రం వాడి ముందు బ్లాకులు, రింగులు పెట్టి, ఏం చేశాడో నోట్‌బుక్‌లో రాస్తున్నాను. సగానికి పైగా ఇంటూ మార్కులే. బ్లాకులు విసిరేసి, మా అత్తగారి కళ్ళజోడు డబ్బా చెవికి ఆనించుకుని ఏదో గొణుగుతూ తిరుగుతాడు. మాటలు నాలుగైదుకు మించి లేవు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. మా ఆడపడుచు కూతురు ఈ వయసుకి గడగడా మాట్లాడేది. మొన్న వానల్లో జలుబు చేసి వీడికి చెవి కూడా కారింది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా కావడం వల్లే ఇలా అవుతోందని, ఒడియా మాన్పించమని ఒకరన్నారు. అత్తగారు "మీ ఆయనకీ మూడేళ్ళకి గానీ మాటలు రాలేదు, ఊరుకో" అంటారు. మావారికి ఆ నోట్‌బుక్ చూస్తేనే చిరాకు. నిజంగా బాబుకి ఏదైనా లోపం ఉందా?

జవాబు: అమ్మా, లోపం ఉందో లేదో బాబుని చూడకుండా నేను చెప్పకూడదు. కానీ మీ ఉత్తరంలో మీరు ఫిర్యాదులా రాసిన ఒక విషయం నాకు చాలా సంతోషం కలిగించింది. అదే ఆ కళ్ళజోడు డబ్బా. పెద్దవాళ్ళు ఫోన్ మాట్లాడటం వాడు చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు. చేతిలో ఫోన్ లేకపోతే డబ్బానే ఫోన్ చేసుకున్నాడు. మాట రాకపోయినా మాట్లాడే తీరు పట్టుకున్నాడు. ఇలా ఒక వస్తువుని ఇంకోటిగా అనుకుని ఆడే ఆట చాలామంది పిల్లల్లో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ మధ్య మొదలవుతుంది. మీరు ఇంటూ మార్కు వేసిన సాయంత్రమే వాడు ఇంత పని చేశాడు.

ఇంకో సంగతి. 8 వారాలు ముందు పుట్టిన బిడ్డకి రెండేళ్ళు నిండేదాకా ఆ వారాలు తీసేసి వయసు లెక్కకట్టాలి. అంటే ఎదుగుదల విషయంలో మీవాడికి ఇప్పుడు సుమారు 18 నెలలే. (టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క.) మీ యాప్‌లో పుట్టిన తేదీ ఒక్కటే ఇచ్చి ఉంటే, అది రెండు నెలలు పెద్ద పిల్లాడి ప్రశ్నలు అడుగుతోంది. ఆడపడుచు కూతురితో పోలికకూ ఇదే అడ్డం. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా ఎంతో తేడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఆసరా లేకుండా నడవడం 8 నెలలకే మొదలుపెట్టిన పిల్లలున్నారు, 17 నెలలు దాటాక మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు.

అలాగని ఏ వయసుకి ఏం చేయాలో చెప్పే పట్టికలు వృథా అనను. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో తన పట్టికను సవరించినప్పుడు, ప్రతి నలుగురు పిల్లల్లో కనీసం ముగ్గురు ఆ వయసుకి చేసే పనులనే అందులో ఉంచింది. కాబట్టి సరిచేసిన వయసుకి కూడా ఏదైనా చేయడం లేదంటే "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అనుకోకుండా డాక్టర్‌ని అడగాలి.

మీ ఉత్తరంలో నేను వెతికినా కనపడనిది ఒకటుంది. వాడు వేలు పెట్టి చూపిస్తాడా? బిస్కెట్ కావాలని చూపించడం కాదు. వీధిలో ఆవు వస్తేనో, గూడ్సు బండి కూత వేస్తేనో అటు వేలు చూపించి, మీరు చూశారా లేదా అని మీ ముఖం వైపు తిరుగుతాడా? మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినప్పుడు ఒక్కసారైనా మీ కళ్ళలోకి చూస్తాడా, లేక మీ చెయ్యి ఒక్కటే కావాలా? వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? ఈ వయసుకి మాటల లెక్క కన్నా ఇవే ముఖ్యం. ఇవి లేకపోతే ఈ నెలలోనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. వచ్చిన మాటలు, చేష్టలు పోయాయనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

వినికిడి పరీక్ష మాత్రం ఎలాగూ చేయించాల్సిందే. ముందే పుట్టి బాక్సులో ఉన్నాడు, ఈమధ్య చెవి కారింది, మాటలు తక్కువ. ఈ మూడూ కలిసినప్పుడు పుట్టినప్పటి పరీక్ష బాగుందని వదిలేయకూడదు. చెవిలో చీముగానీ, కర్ణభేరి వెనక నీరుగానీ ఉంటే గిన్నె పడ్డ చప్పుడు వినపడుతుంది, మాట మాత్రం స్పష్టంగా వినపడదు. ఇంట్లో చప్పట్లు కొట్టి చూసి సరేననుకోకండి.

ఒడియా మాన్పించమన్న సలహా పక్కన పెట్టేయండి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. మీరు చెప్పిన నాలుగైదు మాటలు తెలుగువేనా? పక్కింటి మావుసీ దగ్గర "పాణి" అంటే అదీ ఒక మాటే. "బువ్వ", కుక్కని చూసి "బౌబౌ", చెయ్యి ఊపుతూ "టాటా" అన్నీ కలిపి లెక్కేయండి. రేపు వాడు ఆడుకోవాల్సింది ఆ వీధి పిల్లలతోనే.

ఇక నోట్‌బుక్. మానేయమని చెప్పను, రాసే పద్ధతి మార్చండి. సాయంత్రం అలిసిపోయి, ఆకలి మీదున్న పిల్లాడి ముందు పెన్ను పట్టుకుని కూర్చుంటే వాడికి మీ ముఖంలో టెన్షనే కనపడుతుంది. పొద్దున్న వాడు హుషారుగా ఉన్నప్పుడు ఓ పావుగంట కింద కూర్చోండి. ఫోన్ ఇంకో గదిలో ఉండనివ్వండి, రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ వద్దనే డాక్టర్లు చెబుతారు. వాడు డబ్బా చెవికి పెట్టుకోగానే మీరూ ఓ అగ్గిపెట్టె చెవికి పెట్టుకుని "హలో, ఎవరండీ?" అనండి. అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టేదాకా ఇంకేం మాట్లాడొద్దు. మనం ఆ ఖాళీ ఇవ్వం, గబగబా మనమే జవాబు చెప్పేస్తాం. వాడు చిన్న కూత పెట్టినా, నవ్వినా అది వాడి వంతు. మళ్ళీ మీ వంతు.

గిన్నెలు, జల్లెడ, గరిటె, కాసిని బియ్యం చాలు, కొత్త బొమ్మలు కొనక్కర్లేదు. చింతగింజలు, బఠాణీలు మాత్రం దగ్గర పెట్టకండి, ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటాయి. వాడు పడుకున్నాక నోట్‌బుక్ తీసి, మీరు చెప్పకుండా వాడంతట వాడు చేసింది రాయండి: "కప్పులో బియ్యం పోశాడు, ఒలకబోశాడు, నన్ను చూసి నవ్వాడు, కప్పు నాకిచ్చాడు." ఇలాంటి రెండు లైన్లు డాక్టర్‌కి ఇరవై ఇంటూ మార్కుల కన్నా ఎక్కువ చెబుతాయి.

అత్తగారి మాట సగం నిజం. తండ్రికి మాటలు ఆలస్యమైతే కొడుక్కీ అలా కావచ్చు. అయినా పరీక్ష మానేయడానికి అది కారణం కాదు. పగలంతా వాడితో ఉండేది ఆవిడే అయితే, "అత్తయ్యా, వీడు మీతో ఏమేం ఆడుతున్నాడు?" అని అడిగి, ఆవిడ చెప్పిందీ రాసుకోండి. మీవారి చిరాకు వెనక భయం ఉండొచ్చు. ఆయన ముందు నోట్‌బుక్ పెట్టకండి. రాత్రి భోజనానికి ముందు కాసేపు బాబుని ఆయన ఒళ్ళో పెట్టి, ఫోన్ ఆట మీరు ఆడినట్టే ఆడమనండి.

విశాఖ దాకా వెళ్ళే ముందు మీ అంగన్‌వాడీ దిదిని అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు డాక్టర్ల బృందం ఉచితంగా చూడాలి. ఎదుగుదల ఆలస్యాలు కూడా అందులో భాగమే. బృందం వచ్చేదాకా ఆగక్కర్లేదు, జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌కి నేరుగా చూపించవచ్చు. పార్వతీపురం ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్ళండి. డాక్టర్ గదిలో వాడు ఏడుస్తాడే తప్ప ఆడడు కాబట్టి, ఇంట్లో ఆడుతుండగా వాడికి తెలియకుండా ఒకటి రెండు నిమిషాల వీడియో తీసి ఉంచుకోండి. మీవారిని కూడా వెంట తీసుకెళ్ళండి. వినికిడి రిపోర్టు వచ్చాక నాకు రాయండి, మాటలకి థెరపీ కావాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.