ఇష్టమైన కారు కొంటానంటే ఇంట్లో గొడవ

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఏడేళ్ల పాప ఉంది. కాలేజీ రోజుల నుంచీ స్పోర్ట్స్ కారంటే పిచ్చి. కొత్తది కొనే స్తోమత లేదని తెలుసు. ఇప్పుడు 2002 నాటి పోర్షా బాక్‌స్టర్ ఎస్ ఒకటి నాకు అందే ధరలో దొరికింది. నేను దాచుకున్నదీ, ఇప్పుడున్న ఐదు సీట్ల కారు అమ్మితే వచ్చేదీ కలిపితే సరిగ్గా సరిపోతుంది. ఎవరైనా తన్నుకుపోతారేమోనని ఇంట్లో చెప్పకుండా అడ్వాన్స్ ఇచ్చేశాను. బ్యాంకు మెసేజ్ చూసి మా ఆవిడ పట్టేసింది. ‘చెడిపోతే ఎవరు కడతారు? పాపను ఎక్కడ కూర్చోబెడతావు? నాకెందుకు చెప్పలేదు?’ అని అడిగింది. నాలుగు రోజులుగా అవసరమైతే తప్ప మాట్లాడటం లేదు. నేనేం తాగుడుకో పేకాటకో తగలెయ్యడం లేదు కదా! ఆమెను ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ ఆవిడ అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కదానికైనా మీరు జవాబు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. వాటిని అలకగా తీసుకున్నారు. నాకు మాత్రం, కారు గురించి ఇంతవరకూ సరైన ప్రశ్నలు వేసింది ఆవిడే అనిపిస్తోంది. పాత స్పోర్ట్స్ కార్లు చూసే మంచి మెకానిక్ ఎవరైనా మొదట అడిగేది ఆ మొదటి ప్రశ్నే.

పాత కార్లలో చాలామంది మోసపోయేది ఇక్కడే. ఇరవై ఏళ్లకు కారు ధర దిగిపోతుంది. దాని బ్రేక్ డిస్కులు, క్లచ్, సస్పెన్షన్, రేడియేటర్ల ధరలు మాత్రం దిగవు. ఖరీదైన కారు పార్టులు ఖరీదుగానే ఉంటాయి, వాటిని విప్పి బిగించే కూలీ కూడా అంతే. మీరు కొంటున్నది చౌక కారు కాదు, చౌకగా దొరుకుతున్న ఖరీదైన కారు. ఏనుగును కొని, మేతకు చేతిలో పైసా లేకుండా నిలబడే పరిస్థితి మీది. ‘సరిగ్గా సరిపోతుంది’ అన్నారే, ఆ మాట దగ్గరే నాకు భయం వేసింది.

మీరు చూసిన కారు సంగతికే వద్దాం. ఆ కాలపు బాక్‌స్టర్లలో, అప్పటి మామూలు పోర్షా 911లలో ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని, తిరుగుడును ఒక భాగం నుంచి ఇంకో భాగానికి అందించే ఇరుసు ఒకటి ఉంటుంది. దాన్ని మోసే బేరింగ్‌ది పేరుమోసిన బలహీనత. అన్ని కార్లకూ పోదు. చాలా కార్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నాయి. కానీ పోతే ఇంజినే పోతుంది, కొన్నిసార్లు ముందుగా ఏ హెచ్చరికా ఉండదు. బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అందుకే తెలిసినవాళ్లు క్లచ్ మార్చేటప్పుడే ఆ పనీ, పక్కనే ఉండే ఆయిల్ సీలు పనీ కలిపి చేయించేస్తారు. అమ్మే మనిషిని అడగండి: బేరింగ్ మార్చారా, ఎప్పుడు, బిల్లు ఉందా? ‘ఈ కారుకు ఆ ప్రాబ్లమ్ రాదండీ’ అని నోటిమాటతో తేల్చేస్తే, ఆ ఖర్చు మీ నెత్తిన పడినట్టే లెక్క వేసుకోండి. ఆయిల్ ఫిల్టర్ విప్పించి, కోసి, లోపల లోహపు రజను ఉందేమో మెకానిక్‌తో చూపించండి. అది చిన్న పనే.

ఒక్క పోర్షాకే కాదు, ఇలాంటి కార్లన్నిటికీ ఒక్కో ‘జాతకం’ ఉంటుంది. 2000-2006 మధ్య వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3కి వెనక సబ్‌ఫ్రేమ్‌ను, అంటే వెనక సస్పెన్షన్‌ను మోసే చట్రాన్ని, బిగించే చోట నేల రేకు పగులుతుంది. మాజ్డా ఆర్ఎక్స్-8ది రోటరీ ఇంజిన్, అంటే పిస్టన్లకు బదులు రోటర్లు తిరిగేది. దానికి వేరే పరికరంతో కంప్రెషన్ టెస్ట్, అంటే ఇంజిన్ లోపలి ఒత్తిడి పరీక్ష, చేయించకుండా కొనడం జూదమే. పేకాట ఆడనన్నారు కదా!

నేనూ ఒకప్పుడు ఇలాంటి పనే చేశాను, ఒప్పుకుంటాను. నిగనిగలాడే పాత టర్బో కారు చూసి, పరీక్ష చేయిస్తే అమ్మే మనిషి నొచ్చుకుంటాడేమోనని మొహమాటపడి కొనేశాను. నాలుగు నెలలు అది షెడ్డులోనే ఉంది. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

ఇక రెండో ప్రశ్న. బాక్‌స్టర్‌కు ఉన్నవి రెండే సీట్లు. ఇంట్లో ఉన్న ఒక్క కారూ అమ్మి రెండు సీట్ల కారు తెస్తే ముగ్గురూ కలిసి ఎక్కడికీ వెళ్లలేరు. ఆ ఏడేళ్ల పాపకు వెనక సీటే క్షేమం, ఇందులో వెనక సీటే లేదు. పైగా ఇరవై ఏళ్ల కారు చిన్న పార్టు కోసం రెండు వారాలు ఆగిపోవడం మామూలే. అలాంటిది రోజువారీ పనులకు ఒక్కగానొక్క కారు కాకూడదు. ఇందులో నేను మెత్తగా చెప్పలేను: ఇంటి కారు అమ్మకండి. అది అమ్మితే తప్ప ఇది కొనలేనంటే, ఇది ఇప్పుడు మీకు అందే కారు కాదు.

అయితే సరదా చంపుకోమని నేను అనడం లేదు. ఇష్టం ఇష్టమే, దాన్ని తాగుడుతో పోల్చి సమర్థించుకోవాల్సిన అవసరం లేదు. నా లెక్క ఇలా ఉంటుంది. కారు కోసం ఉన్న మొత్తంలో మూడో వంతును ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. అది మొదటి ఏడాది రిపేర్లకు. మిగిలిన రెండు వంతుల్లో వచ్చే కారే మీ కారు. మూడో వంతు కోసం అప్పు చెయ్యకూడదు, కారు షెడ్డులో ఉన్నా ఈఎంఐ ఆగదు మరి. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో బేరానికి ముందే కనుక్కోండి, ఇలాంటి కార్లకు అది ఉలిక్కిపడేలా చేస్తుంది. టైర్లూ అంతే. ఈ కారుకు ముందు టైర్లు ఒక సైజు, వెనకవి ఇంకో సైజు, అటూ ఇటూ మార్చి అరుగుదల సర్దుకోవడం కుదరదు.

ఆ లెక్కలో పోర్షా రాకపోతే మాజ్డా ఎంఎక్స్-5 చూడండి. 1989లో మొదలైన ఆ కారు తేలిక, ఇంజిన్ సాదాసీదా, బ్రేకులూ టైర్లూ చిన్నవి, కాబట్టి ఖర్చూ చిన్నదే. అదీ రెండు సీట్లదే, ఇంటి కారు ఉంటేనే ఆ మాట. 2012లో వచ్చిన టొయోటా జీటీ86కైతే వెనక పేరుకు రెండు సీట్లున్నాయి. కంపెనీవాళ్లే దానికి పట్టు తక్కువ టైర్లు వేసి, మితమైన వేగంలోనే కారు కాస్త జారుతూ సరదాగా ఆడేలా చేశారు. హార్స్‌పవర్ అంకె చూసి వీటిని చిన్నచూపు చూడకండి. ఇంట్లో అందరికీ పనికొచ్చేదే కావాలంటే ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ లాంటి హ్యాచ్‌బ్యాక్ ఉండనే ఉంది.

ఇచ్చిన అడ్వాన్స్ పోతుందేమో. పోనివ్వండి. అది దక్కించుకోవడానికని కారు కొనడం కంటే ఖరీదైన పని లేదు.

మూడో ప్రశ్నను చివరికి ఉంచాను గానీ, ఇంట్లో మాత్రం దానితోనే మొదలుపెట్టండి. ‘నువ్వు వద్దంటావని భయపడి చెప్పలేదు, తప్పు చేశాను’ అని అక్కడితో ఆపండి. దాని వెనకే ‘కానీ’ అంటూ కారు కబుర్లు వద్దు, ఆ రోజంతా కారు ఊసే ఎత్తకండి. రెండు మూడు రోజులయ్యాక కాగితం మీద రాసిన లెక్క చూపించండి: ధర, ఇన్సూరెన్స్, టైర్లు, క్లచ్, బేరింగ్, పక్కన పెట్టిన మూడో వంతు. నెల నెలా ఇంటికీ, పాపకూ కావలసినవి ముందు వరుసలో ఉండాలి. మీ పేరున దాచుకున్నది కాబట్టి అది మీ ఇష్టమని వాదించకండి, చెడిపోయిన రోజున పూడ్చుకోవాల్సింది ఇద్దరి డబ్బుతోనే. ఆవిడ ‘ఈ ఏడాది వద్దు’ అంటే ఒక తేదీ అడగండి. తేదీ ఉన్న ‘వద్దు’ను ఓర్చుకోవడం తేలికే.

సరేనంటే, కారు చూడటానికి ఇద్దరూ వెళ్లండి. అమ్మే మనిషితో సంబంధం లేని మెకానిక్‌ను, మీ ఖర్చుతో, వెంట తీసుకెళ్లండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి, 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైనదని. గాడులు ఎంత లోతు మిగిలినా ముసలి టైరు ముసలిదే. కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ పెట్టినప్పుడు ఎర్రర్లు లేకపోవడం ఒక్కటే చాలదు, కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయినట్టు చూపిస్తోందో లేదో అడగండి. పూర్తికాలేదంటే ఎవరో ఈ మధ్యే ఎర్రర్లు చెరిపేసి ఉండొచ్చు. ముందు రోజే ఫోన్ చేసి, ‘మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి’ అని చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వేడిగా ఉంటే, చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మీకు వినపడకూడదనే అనుకుని, కాఫీ కూడా తాగకుండా ఇంటికి వచ్చేయండి.