ఫారం 6 రిజెక్ట్ అయిందా? మీకు కావాల్సింది ఫారం 8
భీమవరంలో ఓటు ఉండగానే కూకట్‌పల్లిలో ఫారం 6 పెట్టానన్నారు కదా, బహుశా అందుకే రిజెక్ట్ అయింది. ఫారం 6 తొలిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్లకి. ఇల్లు మారినవాళ్లకి ఫారం 8, రాష్ట్రం మారినా సరే.

1. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో ఫారం 8 తెరిచి పాత ఓటర్ కార్డు నంబరే ఇవ్వండి.
2. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: అడ్రసే కదా అని ‘సవరణ’ మీద టిక్ పెట్టేస్తారు. మీరు ‘నివాస మార్పు’ ఎంచుకుని, అందులో ‘నియోజకవర్గం బయట’ అని పెట్టాలి.
3. రుజువుకి కొత్త అడ్రస్ ఉన్న ఆధార్ గానీ, రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం గానీ.

ఊళ్లో సొంతిల్లు ఉంది కాబట్టి అక్కడి ఓటూ ఉంచుకుంటానంటే కుదరదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసి అయిపోరు, సంక్రాంతికి ఎన్నిసార్లు వెళ్లొచ్చినా.