6502 ప్రాసెసర్ తీసి 65816 పెడితే ఫ్లాపీ చదువుతోంది, రాయడం మాత్రం కావట్లేదు, ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: ఆపిల్ టూ ఈ అనే పాత కంప్యూటర్‌లో 6502 తీసి, దాని తర్వాతి తరం చిప్ 65816 ఉన్న బోర్డు పెట్టారు, ప్రోగ్రాములన్నీ నడుస్తున్నాయి, సేవ్ చేస్తే మాత్రం ఎర్రర్. 65816 పాత 6502లా నడిచే ఎమ్యులేషన్ మోడ్ అంటే అచ్చం పాతదే కదా అని మీ సందేహం.

డ్రైవ్ జోలికి పోకండి, అది బాగానే ఉంది. బోర్డు మీద వీడీఏ, వీపీఏ పిన్నులు (ఇప్పుడున్న అడ్రస్ చెల్లుతుందో లేదో 65816 చెప్పేవి) ఎక్కడికి వెళ్తున్నాయో ముందు చూడండి.

శాన్‌హోసేలో మా బావ దగ్గర ఇదే జరిగింది. ఆన్‌లైన్‌లో ఎవరో చిన్న తయారీదారు దగ్గర బోర్డు కొన్నాడు. కేటలాగ్, అంటే డిస్క్‌లోని ఫైళ్ల జాబితా, చక్కగా వస్తుంది, సేవ్ అనగానే ఐ/ఓ ఎర్రర్. డ్రైవ్ విప్పాడు, హెడ్ తుడిచాడు, స్పీడ్ సరిచేశాడు. ఊహూఁ. చివరికి నేను డిస్క్ కార్డు ఉండే స్లాట్ 6లో 41వ పిన్ను, అంటే ఆ కార్డు అడ్రస్ వచ్చినప్పుడల్లా దాన్ని పిలిచే డివైస్ సెలెక్ట్, దానికి సిగ్నళ్లని గీసి చూపే లాజిక్ అనలైజర్ తగిలించాను. పాత 6502తో రాయించినప్పుడు పక్కపక్కనే రెండు పల్సులు. కొత్త బోర్డుతో ఒక్కటే. "బావా, డ్రైవ్ బిగించెయ్, దొంగ ఇక్కడున్నాడు" అన్నాను.

సంగతేమిటంటే, డిస్క్ మీద రాసే రొటీన్ ఎస్‌టీఏ సీ08ఎఫ్,ఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో (కార్డుని రాతకి మార్చే అడ్రస్‌కి ఒక బైట్ పంపడం) రాత మొదలుపెడుతుంది. అది 5 సైకిళ్లు, అంటే 5 క్లాక్ టిక్కులు. అయిదో సైకిల్లో రాస్తుంది, కానీ నాలుగోదాంట్లోనే 6502 అదే అడ్రస్‌ని ఊరికే ఒకసారి చదువుతుంది. ఆ చదివినదాన్ని ప్రాసెసర్ పారేస్తుంది. డ్రైవ్‌ని నడిపే డిస్క్ టూ కార్డు పారెయ్యదు. దాని స్విచ్‌లకి చదవడమా రాయడమా అన్న పట్టింపు లేదు, అడ్రస్ కనబడితే చాలు, మారిపోతాయి. కాబట్టి కార్డు మీద బిట్లని డ్రైవ్‌కి పంపే సీక్వెన్సర్ రాతకి దిగేది నాలుగో సైకిల్లోనే. బిట్‌కి 4 మైక్రోసెకన్లు, బైట్‌కి 32 సైకిళ్లు, ప్రాసెసర్ సుమారు 1 మెగాహెర్ట్జ్. అంటే ఒక్క సైకిల్ తేడా వస్తే పావు బిట్ పోయినట్టే. సీక్వెన్సర్ ఒక సైకిల్ ఆలస్యంగా బయల్దేరితే, మన డేటా బస్ (ప్రాసెసర్‌నీ కార్డులనీ కలిపే తీగలు) మీదకి వచ్చి వెళ్లిపోయాక తీరిగ్గా తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ బైట్‌ని పట్టుకుంటుంది.

65816 తప్పేమీ లేదు. ఆ నాలుగో సైకిల్లో అదీ ఆ అడ్రస్‌నే బస్ మీద పెడుతుంది. కాకపోతే వీడీఏ, వీపీఏ రెండూ దించి "ఈ అడ్రస్ చెల్లదు" అని చెబుతుంది. బోర్డు చేసినాయన పుస్తకంలో ఉన్నట్టే ఆ సైకిల్‌ని స్లాట్ దాకా రానివ్వలేదు. ఆపిల్ టూలో డిస్క్ నడిచేటప్పుడు ఈ పిన్నులతో అడ్రస్‌ని వడకట్టొద్దని చిప్ డేటాషీట్‌లోనే ఒక వాక్యం ఉంది. ఎక్కడో వెనక పేజీల్లో.

నాకు మండేది ఇక్కడే. కంపాటిబుల్ అంటే ఆప్‌కోడ్‌లు (ఇన్‌స్ట్రక్షన్ల కోడ్‌లు) సరిపోతే చాలనుకుంటారు. మా ఇంజనీరింగ్ కాలేజీలోనూ అంతే, 8085 ప్రాసెసర్ ల్యాబ్ అంటే కిట్ మీద హెక్స్ కోడ్ కొట్టించడమే. రికార్డులో టైమింగ్ డయాగ్రమ్‌లు గీయించారు గానీ ఒక్కసారైనా పిన్ను మీద ప్రోబ్ పెట్టి చూపించిన పాపాన పోలేదు. ప్రాసెసర్ పని లేకుండా గడిపే సైకిల్లో కూడా బస్ మీద ఏదో ఒక అడ్రస్ ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు వింటుంటారు. అది తెలియకుండా ఎన్ని ఆప్‌కోడ్‌లు బట్టీపట్టినా దండగ.

1978లో ఆపిల్ స్థాపకుల్లో ఒకడైన వోజ్నియాక్ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చిప్‌లతో ఆ కార్డు చేశాడంటే, ప్రాసెసర్ ప్రతి సైకిల్లో ఏం చేస్తుందో తెలుసుకుని దాని మీద ఆధారపడ్డాడు కాబట్టే. దాన్ని ఉత్త జిమ్మిక్కు అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పడదు. ఆపిల్ వాళ్లు మాత్రం ఆ కార్డుని గౌరవించారు. 1986లో వచ్చిన ఆపిల్ టూ జీఎస్ కంప్యూటర్‌లో ఇదే 65816 సుమారు 2.8 మెగాహెర్ట్జ్‌తో పరిగెడుతుంది, కానీ డిస్క్ మోటార్ ఆన్ అయిందని కనిపెట్టగానే తనంతట తానే 1 మెగాహెర్ట్జ్‌కి దిగుతుంది.

మీ బోర్డు మీద ఆ వడపోతకి జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) ఉంటే తీసెయ్యండి. లేకపోతే స్లాట్ అడ్రస్‌ల వరకైనా ఆ సిగ్నల్‌ని తప్పించండి. బావ బోర్డు మీది ఒక రాగి గీత కోసి ఒక వైరు వేశాం, అప్పట్నుంచి సేవ్ అవుతోంది. ఈలోగా ఒరిజినల్ డిస్కులతో మాత్రం పరీక్షించకండి. ఎర్రర్ వచ్చింది కదా, ఏమీ రాసి ఉండదులే అనుకుంటారు, కానీ ఆ సెక్టార్‌లో అప్పటికే చెత్త పడిపోయి ఉంటుంది.